సుబ్బరావమ్మ గుండె మీద బెంగ

"ఆ బిళ్ళలు ఆపించెయ్యండి మేడం! మా ఆవిడ గుండె ఏమైపోవాలి?"

కుర్చీలో కూర్చోకముందే పేరయ్య మొదలుపెట్టాడు. డాక్టరు ఫిజా తలెత్తి చూసింది. పేరయ్య పక్కనే సుబ్బరావమ్మ, ఆ బిళ్ళల అట్టని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

"ఆపితే ఊరుకోను డాక్టరమ్మా! ఇన్నాళ్ళకి కంటినిండా నిద్రపోతున్నా."

నిజమే మరి. నెలసరి ఆగిన ఈ రెండేళ్ళూ ఆవిడ పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. ఉన్నట్టుండి పొయ్యిలో పెట్టినట్టు ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, గుండెదడ. ఈ ఏడు మిరపకాయలు బస్తాలకెత్తింది మొదలు, బస్తాలు చూసుకొస్తానని వంక పెట్టి ఊరి చివర కోల్డ్ స్టోరేజీకి పోయేది. ఆ చల్లటి గదిలో బస్తాల మధ్య కూలబడి, ప్రాణం తెప్పరిల్లాక ఇల్లు చేరేది. రోజూ అదే వరస. ఫిజా ఈ హార్మోను బిళ్ళలు రాసిచ్చాక గానీ ఆ ఆవిర్లు దారికి రాలేదు.

"ఇవి వాడితే గుండెకి ముప్పంట గదా మేడం? మా బుడే చెప్పాడు" అన్నాడు పేరయ్య.

తలుపు సందులోంచి బుడే తల లోపలికొచ్చింది. వాళ్ళ పక్క పొలం రైతు, తోడుగా వినుకొండ దాకా వచ్చాడు. "అవును మేడం. ఫోన్లో చూశా. ఆపేస్తున్నారా మరి?"

"ఒరేయ్, నువ్వు బయటుండరా!" అని కసిరింది సుబ్బరావమ్మ. తల వెనక్కి పోయింది గానీ చెవి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఫిజా నవ్వింది. "అరవై దాటాకనో, నెలసరి ఆగిన పదేళ్ళకో మొదలుపెడితే ఆ భయం ఎక్కువేనండీ. గుండెజబ్బు, పక్షవాతం, కాళ్ళలో రక్తం గడ్డలు, రొమ్ము కాన్సరు ఉన్నవాళ్ళకి నేను అసలే ఇవ్వను. అమ్మకి అవేవీ లేవు. బీపీ, షుగరు, కొలెస్ట్రాలు చూశాకే రాశాను."

"అంటే గుండెకి మంచిదేనన్నమాట!" సుబ్బరావమ్మ గెలిచినట్టు మొగుడి వైపు చూసింది.

"అలాగనీ కాదమ్మా. ఇవి ఆవిర్లకే, గుండెకి మందు కాదు. గుండె బాగుండాలంటే రోజూ నడవాలి. ఊరగాయ తగ్గించాలి."

ఊరగాయ మాట వినేసరికి సుబ్బరావమ్మ మొహం వాడిపోయింది. ఈ నేల మీద పుట్టినదాన్ని అడగాల్సిన మాటేనా అది?

పేరయ్య పట్టు విడవలేదు. "ఎందుకొచ్చిన మందులు మేడం! ఆవిరొస్తే మునుపట్లా కోల్డ్ స్టోరేజీకి పోతది. కావాలంటే నేనే రోజూ బండి మీద దించుతా."

"ఆ ఘాటుకి తుమ్ముకుంటా కూర్చునే ఖర్మ నాకింకా ఎందుకయ్యా? ఇక ఆ గుమ్మం తొక్కను."

పైకి కసిరింది గానీ లోపల ఆవిడ మనసు వెన్నలా కరిగిపోయింది. రాత్రుళ్ళు తను చెమటలు కక్కుతూ లేచి కూర్చుంటే, అటు తిరిగి గురకపెట్టిన మనిషి ఈయన. అలాంటిది పని మానుకుని వచ్చి, తన గుండె కోసం డాక్టరమ్మతో దెబ్బలాడుతున్నాడు! ఇంత ప్రేమ ఎక్కడ దాచాడో ఇన్నాళ్ళూ. పైగా ఆ బుడే కూడా! సొంత తమ్ముడైనా ఇంత ఆరాటపడతాడా?

ఫిజా బీపీ చూసింది. గుండె చప్పుడు విన్నది. "గుండె గడియారంలా కొట్టుకుంటోంది. బిళ్ళలు ఆపక్కర్లేదు. ఛాతీలో నొప్పి వచ్చినా, కాలు వాచినా, మళ్ళీ నెలసరిలా రక్తం కనబడినా మాత్రం వెంటనే రండి. నడక మానొద్దు."

"ఎంతసేపు నడవాలి మేడం?" గబుక్కున అడిగాడు పేరయ్య.

"రోజూ ఓ అరగంట."

పేరయ్య మొహం మతాబులా వెలిగింది. బయటికి రాగానే బుడే చెవిలో ఏదో ఊదాడు. బుడే బజారులోకి పరిగెత్తి, కాసేపటికి ఒక పొట్లంతో రొప్పుకుంటూ వచ్చాడు. సుబ్బరావమ్మ చీరే అనుకుని మురిపెంగా విప్పింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల ఒక దళసరి ఉన్ని స్వెట్టరు, చెవుల దాకా కప్పే టోపీ!

రోడ్డు మీద తారు కరుగుతోంది. "రోహిణీకార్తెలో స్వెట్టరేందయ్యా? ఆవిర్లు నాకొస్తే మతి నీకు పోయిందా?"

"డాక్టరమ్మ నడవమంది గదే. రోజూ కోల్డ్ స్టోరేజీ దాకా నడువు. ఇది తొడుక్కుని, మునుపట్లా కాసేపు లోపల కూర్చుని రా."

"నాకు ఆవిర్లు తగ్గినయ్యిగా! ఇంకా నాకెందుకు ఆ చలి?"

"నీకోసం కాదక్కా, మా కోసం!" బుడే రెండు చేతులూ జోడించాడు. "నువ్వు రోజూ బస్తాల్ని చూసుకుంటుంటే ధర పెరిగే కబురేదో నీకు తెలిసిందనుకుని ఊరంతా సరుకు కదపలా. ఇప్పుడు నువ్వు రావట్లేదని, ధర పడిపోద్దేమోనన్న బెంగతో అందరూ అయినకాడికి అమ్మేసి మన సరుకు ధర కూడా పడగొడుతున్నారు!"