గోనెసంచి కుక్కిన కిటికీ

రమేష్ గోనెసంచి మడిచి కిటికీ సందుల్లో కుక్కాడు.

"జర గాలన్న రానియ్యరా," అన్నాడు ఉపేందర్, డ్యూటీకి బయల్దేరుతూ.

"గాలొస్తే అదొస్తది," అన్నాడు రమేష్.

అది అంటే కామిని. నాచారం ఫ్యాక్టరీల వెనక ఆ కిరాయి గదుల్లో అందరి నోటా దాని మాటే. ఒంటరిగా పడుకున్న మగాణ్ని మోహించి, తెల్లారేసరికి ప్రాణం పీల్చేస్తుందట. పోయిన నెల చివరి గదిలో కొత్తగా దిగిన కుర్రాడు పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ముఖం మాత్రం పెళ్లికొడుకులా ఎర్రగా ఉందన్నారు. శవాన్ని దవాఖానా నుంచే ఊరికి తీసుకెళ్లారు.

గదుల ఓనరమ్మ వెంకటనర్సమ్మ అందరికీ ఉపాయం చెప్పింది.

"తలుపు మీద 'రేపు రా' అని రాయుండ్రి. కుంపట్ల బొగ్గుల మీద ఊదు పొగ ఎయ్యుండ్రి. పొగ బయటికి పోనియ్యొద్దు. అది పిలిస్తే పలుకొద్దు. ఆ పిల్లగాడు ఉత్త బొగ్గులే పెట్టుకున్నడు, ఊదు పొగ ఎయ్యలే. గందుకే పోయిండు."

ఉపేందర్ సందు మలుపు తిరిగాడు. మసక చీకట్లో ఒక ఆడమనిషి ఎదురొచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది.

"అన్నా, కుంపటి బయట పెట్టుండ్రి. కిటికీ తెరువుండ్రి. నీ కాళ్లు మొక్కుత."

ఉపేందర్‌కి ఓనరమ్మ మాట గుర్తొచ్చింది. పలకలేదు. వెనక్కి చూడకుండా ఉప్పల్ రోడ్డెక్కి ఫోన్ తీశాడు.

"రమేషూ, అదొచ్చిందిరా! తలుపు తియ్యకు."

"తియ్య. ఇంకిన్ని బొగ్గులేస్త," అన్నాడు రమేష్. అంతలోనే గొంతు తగ్గించాడు. "కొడుతుందిరా తలుపు..."

పొద్దున ఉపేందర్ ఎంత పిలిచినా గదిలోంచి పలుకు లేదు. నలుగురూ కలిసి తలుపు పగలగొట్టారు.

రమేష్ ముఖం ఎర్రగా ఉంది.

దవాఖానాలో డాక్టర్ చెయ్యి పట్టి చూసి వదిలేశాడు. సంగతంతా విని తల పట్టుకున్నాడు.

"కామినీ లేదు, దయ్యమూ లేదయ్యా. మూసిన గదిలో బొగ్గులు కాలితే విషగాలి పుడుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే చంపుతుంది, ముఖం ఎర్రబడుతుంది. పోయిన నెల అబ్బాయి చచ్చిందీ అందుకే."

"మాకెవ్వరు చెప్పలే సార్," అన్నాడు ఉపేందర్ ఏడుస్తూ.

డాక్టర్ ఆశ్చర్యంగా చూశాడు.

"అతని భార్య రాలేదా? దినాలు కాగానే వచ్చి, మీ గదుల్లో ప్రతి తలుపూ కొట్టి చెప్తానని ఏడుస్తూ వెళ్లిందే ఆ అమ్మాయి!"