ఎగరని సిలిండర్

"ఇంత బరువేంటే ఇది?"

గ్యాస్ సిలిండర్‌ని గుమ్మంలోనే వదిలేసి నడుం పట్టుకున్నాడు కుస్తీ ఛాంపియన్. ఏళ్ళ తరబడి ఛాంపియన్ బెల్టు వేలాడుతున్నది ఆ నడుముకే.

"నిండు సిలిండర్ అంతే ఉంటుంది" అంది భార్య.

కుర్చీలో ఉన్న కాలరాక్షసుడు టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. అది రింగులో పేరు; పోస్టర్లలో ఇతను ఛాంపియన్‌కి ఆగర్భశత్రువు. వీడు పాతబడ్డాడు, వచ్చే వారం నుంచి ఇంకొకణ్ణి పెట్టండని ఛాంపియనే కుస్తీ షోలు నడిపే కంపెనీకి చెప్పాడు. అదేంటని నిలదీద్దామని వచ్చి, వదిన టీ ఇచ్చేసరికి మొహమాటపడి కూర్చున్నాడు.

సిలిండర్‌ని ఒంటిచేత్తో ఎత్తి, స్టవ్ పక్కన పెట్టి వచ్చాడు.

ఆమె నోరు తెరిచింది. "అదేంటి మరిదిగారూ, మొన్న రింగులో ఈయన మిమ్మల్ని తలమీదికెత్తి గిరగిరా తిప్పారుగా?"

"అన్న ఎత్తేటప్పుడు నేను ఎగురుతాను వదినా" అన్నాడు కాలరాక్షసుడు వినయంగా. "సిలిండర్‌కి ఆ మర్యాద తెలీదు."

ఆమె భర్తకేసి చూసింది. భర్త గోడమీది తన ఫొటోకేసి చూశాడు. అందులో కాలరాక్షసుడు గాలిలో ఉన్నాడు.

"ఆ కొత్తవాడు ఎగురుతాడా?" అని మెల్లగా అడిగాడు ఛాంపియన్.

"వాడికేం ఖర్మ అన్నా? నిజంగానే బలవంతుడట."

ఛాంపియన్ కాసేపు నడుం రుద్దుకున్నాడు. తర్వాత కంపెనీకి ఫోన్ కలిపాడు.

"సార్, నేనే. బలమున్నవాళ్ళు మనకెందుకండీ... నా శత్రువుని నాకిచ్చేయండి."