బెల్లం చుట్టిన కాగితం

గూడెం కొత్తవీధి సంతలో, వరహాలరావు కొట్టు ముందు ఒక ముసలాయన కాగితాల కట్ట దింపాడు. మోకాళ్ళు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

“టెన్త్ లెక్కలు బాబూ. పిల్లలకి ఊరికే ఇచ్చెయ్యండి.”

“మళ్ళీ తెచ్చినావా తాతా? నీకేటి పనీపాటా లేదా?”

వరహాలరావు బాధ వరహాలరావుది. ఉప్పూ బెల్లంతోపాటు టెన్త్ గైడూ అమ్ముతాడు. కూతురు మౌనిక ఆ గైడే పట్టుకుని చదువుతోంది. లెక్కలు గట్టెక్కితే నర్సీపట్నం కాలేజీ. లేదంటే ఇదే కొట్టు, ఇదే త్రాసు.

“ఊరికే వచ్చినదానికి విలువేటి? గైడంటే ఇదీ! రాసినాయన భీమన్న గారు, ఎమ్మెస్సీ. నువ్వేటి చదివినావు?”

ముసలాయన గైడు వైపు చూసి తల దించుకున్నాడు.

“ఏదో చదివాన్లెండి. ఒక్కసారి కాయితం చూడండి బాబూ.”

“చూస్తాలే. ఒగ్గేసి ఎల్లు.”

సంత రోజు ఊపిరి పీల్చుకునే తీరికుంటే కదా చూడ్డానికి! చేతికందిన కాగితంలో బెల్లం చుట్టి ఇచ్చేస్తున్నాడు.

సాయంత్రం తిరిగి వెళ్తూ ముసలాయన అది చూశాడు. కోప్పడలేదు.

“పోన్లెండి. బెల్లంతోనైనా ఇళ్ళకి చేరతాయి.”

కాళ్ళీడ్చుకుంటూ సంత జీపు దాకా నడిచాడు. మళ్ళీ ఏ సంతకీ రాలేదు.

వేసవిలో ఫలితాలొచ్చాయి. మౌనికకి లెక్కల్లో రెండు మార్కులు తక్కువ.

“నలభై ఏడో పేజీ లెక్కే ఇచ్చారు నాన్నా! గైడులో ఉన్నట్టే రాశాను.” ఏడ్చి ఏడ్చి పిల్లకి గొంతు పోయింది.

ఉప్పు కోసం వచ్చిన సోని ఆగింది. కొండమీది పిల్ల, మౌనిక క్లాసే.

“ఆ లెక్క గైడులో తప్పు గదా! మా అయ్య తెచ్చిన బెల్లం కాయితంలో సరిగ్గా సేసుంది, సావుకారూ. నాను అదే రాసినాను.”

“పాసయినావా?” అడిగాడు వరహాలరావు.

“ఆఁ.”

వరహాలరావు కొట్టంతా తిరగేశాడు. బెల్లం దిమ్మ కింద, జిగటగా, ఒక్కటే మిగిలింది.

పైన లెక్క. కింద వణికిన చేతిరాత:

“గైడులో ఈ లెక్క నేనే తప్పు చేశాను. అచ్చువాళ్ళు దిద్దేది లేదన్నారు, ఇక నా కాళ్ళే గతి. క్షమించండి పిల్లలూ. ఇట్లు, భీమన్న, ఎమ్మెస్సీ.”