కింది వాటా చప్పుడు

టక్... టక్... టక్...

పాట అయిపోగానే కింద నుంచి మళ్లీ చప్పుడు వచ్చింది. కృపావరం చేతుల్లో తాళాలు గాల్లోనే ఆగిపోయాయి.

"కింది వాటా కప్లాన్. కర్రతో సీలింగ్ కొడుతున్నాడు," అన్నాడు భర్త జోసఫ్, డోలక్ పక్కన పెడుతూ. "ఆఫీస్‌లో ఒక్క కంప్లయింట్ ఇచ్చాడంటే ఈ అపార్ట్‌మెంట్ ఖాళీ చేయాల్సిందే. ఆదివారం ప్రేయర్ ఎక్కడ పెట్టుకుంటాం?"

1981లో, అమెరికాలోని పార్సిప్పనీలో ఆ నాలుగు తెలుగు కుటుంబాలకూ గుడి అంటే జోసఫ్ వాళ్ల హాలే. గుంటూరు నుంచి చీరల మడతల్లో తెచ్చుకున్న ఇత్తడి తాళాలు మోగాయంటే కృపావరం ఈ లోకంలో ఉండేది కాదు. కిటికీ అవతల మంచులో, పార్కింగ్ లాట్ మీదుగా, బైబిల్లోని దేవుని మందసం యెరూషలేముకు కదిలిపోతుండేది. దేవుని సేవకులైన తెల్లబట్టల లేవీయులు బూరలు ఊదేవాళ్లు. జనం గొంతు చించుకునేవాళ్లు. తాను రాజునన్న సంగతే మరిచి దావీదు గంతులేసేవాడు. ఆ సందడిలో తనూ ఒకతె. దేవుణ్ణి గుసగుసగా పొగడడం ఆమెకు చేతకాదు.

తప్పక నేర్చుకుంది. మరుసటి ఆదివారం తాళాలకు తువ్వాలు చుట్టింది. అందరూ పెదవులు కదిపీ కదపకుండా పాడారు. లేవీయులు రాలేదు. బయట కార్లే ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

టక్ టక్ టక్ టక్! ఈసారి ఇంకా గట్టిగా.

"ఇంతకన్నా ఎలా తగ్గించమంటాడండీ?"

"పాటే ఆపేద్దాం," అన్నాడు జోసఫ్.

ఆపేశారు. రెండు నిమిషాలకు తలుపు దబదబా మోగింది. కృపావరం తాళాలు వీపు వెనక దాచి తలుపు తీసింది. ఎదురుగా కప్లాన్. కాళ్లకు మేజోళ్లే, చేతిలో కర్ర, ఒకటే ఆయాసం.

"సారీ సర్. ఇక చప్పుడు చేయం," అంది ఇంగ్లీషులో.

ముసలాయన ఆమె భుజం మీదుగా ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. మూలన కూర్చున్న పిల్లల్ని కూడా వదల్లేదు.

"అందరూ క్షేమమేనా?"

"క్షేమమే."

"మరి ఎందుకు ఆపారు?"

"మీరు కొడుతున్నారని..."

"మీరు ఉన్నారో లేదోనని కొట్టాను." ఆయన కర్ర గోడకు ఆనించాడు. "యుద్ధంలో ఒక ఇంటివాళ్లు యూదులమైన మమ్మల్ని నేల కింద దాచారు. పైన వాళ్లు రోజంతా దావీదు కీర్తనలు గట్టిగా పాడేవాళ్లు. మాకు అదే గుర్తు."

"ఏం గుర్తు?"

"పాట ఆగితే, సైనికులు వచ్చినట్టు."