ఎలుగు కళ్ళ మీద తువ్వాలు

గోవాడ దారిలో గణపతిరావు చెరకు నరకడం చివరికొచ్చేసరికి, మిగిలిన ఒక్క మడిలోంచి ఎలుగుబంటి గుర్రుమంది.

కూలీలు కత్తులు వదిలేసి గట్టెక్కారు. కాసేపటికి చోడవరం సగం అక్కడే ఉంది, మిగతా సగం దారిలో ఉంది. రోడ్డు మీద బస్సులు కూడా ఆగిపోయాయి.

విశాఖ జూ నుంచి డాక్టర్ రేవతి మత్తు తుపాకీతో జీపు దిగింది. ఎలుగంటే ఆమెకు భయం లేదు. భయమల్లా జనంతోనే.

"ఆ డబ్బాలు ఆపండి! బెదిరిన జంతువుకి మత్తు ఎక్కదు. మళ్ళీ సూది వెయ్యాలి. డోసు ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుంది."

ఎవరు వింటారు? చివరి మడి నరికేటప్పుడు డబ్బాలు వాయించి పందుల్ని తరమడం అక్కడి అలవాటు. పందికైనా ఎలుగుకైనా అదే మేళం.

"ఊపిరాగితే ఆగనీండి" అన్నాడు గణపతిరావు. అతని చేతిలో గొడ్డలి ఉంది. "మొన్న రావికమతం జీడితోటలో ఓ పిల్లగుంట మొకం పీకీసింది ఇదే. చెవి తెగిన ఎలుగు. దీన్ని అట్టుకెళ్ళి మేపుతారేటి?"

ఆగిన బస్సులోంచి ఒక సాయిబు దిగాడు. చేతిలో కేరేజీ, భుజం మీద తువ్వాలు. అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

నేరుగా వెళ్ళి, డబ్బా వాయిస్తున్న కూలి మనిషి పైడితల్లి చేతుల్లో కేరేజీ పెట్టేశాడు.

"కొంచెం అట్టుకో తల్లీ. ఒలికిపోద్ది, జాగ్రత్త."

రెండు చేతులూ నిండాక ఆమె ఇంకేం వాయిస్తుంది? ఆమె ఆపింది. ఆమెను చూసి పక్కవాళ్ళూ ఆపారు.

రేవతి గురి తప్పలేదు. ఎలుగు మడిలోంచి బయటికొచ్చి, తూలి, నరికిన చెరకు మోళ్ళ మధ్య కూలబడింది. మండుటెండ. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మత్తులో రెప్ప వెయ్యలేదు. ఇలాగే వదిలేస్తే ఎండకి కళ్ళు పోతాయి. తడిగుడ్డ కప్పి తల పట్టుకోవాలి. ఎవరొస్తారు?"

ఊరంతా ఒక్కడుగు వెనక్కి వేసింది. సాయిబు ముందుకొచ్చాడు.

తువ్వాలు కాలవలో తడిపి తెచ్చాడు. ఎలుగు తెగిన చెవిని ఒకసారి తాకి చూశాడు. ఆ తర్వాత మెల్లగా కళ్ళు కప్పి, దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"భయం లేదా?" అడిగింది రేవతి, ఎలుగు ఊపిరి చూసుకుంటూ.

"ఉందమ్మా. కానీ కళ్ళు పోకూడదు. దేనికీ పోకూడదు."

గణపతిరావు గొడ్డలితో దగ్గరికొచ్చాడు. "లెగు సాయిబూ! మీ ఇంటి పిల్లని పీకుంటే ఇలాగే ఒళ్ళో ఎట్టుకుని జోకొడుదువా?"

సాయిబు తలెత్తలేదు.

"నిద్దరోతన్నదాన్ని కొట్టకు బాబూ."

గణపతిరావు గొడ్డలి దించాడు. మనసు మారి కాదు, అంతమంది చూస్తున్నారని.

ఈలోగా ఫారెస్టు గార్డు శివాజీ రావికమతం నుంచి బోను తెచ్చాడు. నలుగురూ కలిసి ఎలుగుని లోపలికి ఎక్కించారు. రేవతి మెలకువ సూది వేసింది. కాసేపటికి ఎలుగు తలెత్తి, ఎండకి కళ్ళు చికిలించింది.

"చూస్తోంది! రెండు కళ్ళూ బాగున్నాయి!"

జనం ఈలలు వేశారు. ఈసారి రేవతి కూడా ఆపమనలేదు. నవ్వుతూ తువ్వాలు తిరిగిద్దామని చూస్తే సాయిబు లేడు.

"ఆసుపత్రికి కూడు అట్టుకెళ్ళాలని బస్సెక్కీసేడమ్మా" అంది పైడితల్లి.

"పేరైనా అడగలేదా?"

ఎవరూ అడగలేదు.

"అల్లాఉద్దీన్ గారండి" అన్నాడు శివాజీ, బోను గడియ బిగిస్తూ. "రావికమతంలో జీడితోట వేలంపాటలో తీసుకున్నారు."

ఎవరిచేతైనా పంపిస్తానంటూ తువ్వాలు అందుకోబోయిన గణపతిరావు చెయ్యి ఆగిపోయింది. "జీడితోటా?"

"అవునండి. ఈ ఎలుగు రెండు కళ్ళూ తీసేసిన ఆ గుంట, జోయా, ఆయన కూతురే."