ఆరు సెకన్ల నవ్వు

"తడిసిన బెంచీ మీద హీరో జేబురుమాలు పరుస్తాడు చూడండి, అదీ నాకు నచ్చింది" అన్నాడు వెనక వరసలోని పెద్దాయన. "ఆ అమ్మాయిని కూర్చోబెట్టి తను వానలో నిలబడతాడు. మా ఆవిడ ఇప్పటికీ దాని పేరు చెప్పి నన్ను దెప్పుతుంది."

హాలంతా నవ్వింది.

ఆదివారం పొద్దున దాదర్‌లో ఫిల్మ్ క్లబ్ వాళ్లు నలభై ఏళ్ల కిందటి హిందీ సినిమా ఒకటి మళ్లీ వేశారు. ఆట అయ్యాక ఎవరికి నచ్చిన చిన్న ముక్క వాళ్లు చెప్పాలి. పాటలు, పెద్ద డైలాగులు చెప్పకూడదని షరతు.

ముంజేతి మీద కారిన ఐసు గోలాను నాకే పిల్లాడు గుర్తున్నాడు ఒకావిడకు. ఉత్తరం చదవకుండానే మడత పెట్టేసే పోస్ట్‌మాన్ గుర్తున్నాడు ఇంకొకాయనకు.

"ప్లాట్‌ఫారం మీద ఆవిడ!" అని ఎవరో అరిచారు. "అవునవును, ఆవిడే!" అని పది గొంతులు కలిశాయి.

ఆరు సెకన్లు. కదులుతున్న రైలుకేసి ఓ పేదింటి ఇల్లాలు నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. అంతే. ఆ నవ్వు చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు.

వేదిక మీద అరవింద్ పాట్‌కర్ తల వంచుకున్నారు. అప్పట్లో ఆయన సహాయ దర్శకుడు. ఆ రోజు దర్శకుడికి జ్వరమొస్తే ఆ షాట్ తీసింది ఆయనే. దాని పేరు మీదే తర్వాత ఆయనకు నాలుగు సినిమాలొచ్చాయి. ఈ సభకు రానని మూడుసార్లు చెప్పారు. క్లబ్ నడిపే మంజిరి వింటేగా!

"సర్, మీకో బహుమతి" అంది మంజిరి మైకులో. "చించ్‌పోక్లీలో వెతికి పట్టుకున్నాం."

తెల్లటి నేత చీర కట్టుకున్న ముసలమ్మ ఒకావిడ నెమ్మదిగా మెట్లెక్కింది. పాట్‌కర్ ముఖం పాలిపోయింది. ఆ రోజు తర్వాత ఎక్స్‌ట్రాల గుంపులో ఆమె కనబడ్డ ప్రతిసారీ ఆయన పక్కకు తప్పుకున్నారు. ఇరవై ఏళ్లుగా అసలు చూడనే లేదు.

"సాహెబ్, గుర్తున్నానా? శేవంతను" అందామె. చప్పట్లు ఆగలేదు. జనం లేచి నిలబడ్డారు.

"ఆజీ, అంత హాయిగా ఎలా నవ్వారండీ?" అని ముందు వరసలోంచి ఒకమ్మాయి ఆ అవ్వను అడిగింది.

"ఏం హాయి తల్లీ! మా ఆయన మిల్లు పనిలో దగ్గు తెచ్చుకుని పరేల్ ఆస్పత్రిలో పడున్నాడు. మధ్యాహ్నం కూలి డబ్బులు పట్టుకుని పోదామని ఆశ. ఆ రోజు తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పన్నెండుకి అయింది షాట్. అయిపోగానే సాహెబ్ పరిగెత్తుకుంటూ వచ్చారు. శేవంతా, ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది, నువ్వు బయల్దేరు అన్నారు. నాలాంటిదానికి ప్రొడ్యూసర్ కారు ఇప్పించారమ్మా! డ్రైవరు ఆగకుండా తోలాడు. అయినా నేను చేరడానికి అరగంట ముందే మా ఆయన పోయాడు." ఆమె కొంగు సర్దుకుంది. "నా రాత. ఈ మహానుభావుడు మాత్రం ఏం చేస్తాడు? ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు ఈయన పేరు తలుచుకుంటాను."

హాల్లో ఎవరో ముక్కు చీదారు.

మంజిరి మైకు పాట్‌కర్ చేతికిచ్చింది.

"బాయీ..." అన్నారాయన. "నన్ను పొగడకండి. ఆ రోజు మిమ్మల్ని చాలా మాటలన్నాను. ఐదు టేకులు తీయించాను. రైల్వే వాళ్లు పన్నెండు దాకే బండి ఇచ్చారు. ఆ ఏడుపు మొహం ఇంట్లో పెట్టి రావాల్సిందని అందరి ముందూ అరిచాను."

"అరిచారు!" శేవంత బోసినోటితో నవ్వింది. "నీకు నవ్వడం రాకపోతే చేపలమ్ముకో పో అన్నారు కూడా. అదా మీ బాధ? పనిలో అరవనివాడెవడు సాహెబ్? ఇన్నేళ్లూ దాన్నా మోస్తున్నారు? పిచ్చి మనిషి!"

జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నవ్వారు. మళ్లీ చప్పట్లు.

పాట్‌కర్ నవ్వలేదు. మైకు మళ్లీ నోటి దగ్గరకు తెచ్చుకున్నారు. పెదాలు కదిలాయి. శేవంత ఆయన్నే చూస్తోంది, దేవుణ్ణి చూసినట్టు. ఆయన మైకు దించేశారు.

"ఎంత సున్నితమైన మనసో చూడండి" అంది మంజిరి. "నలభై ఏళ్ల కిందటి ఒక్క మాటకు ఇంత సిగ్గుపడే మనుషులు ఇప్పుడెక్కడున్నారు?"

శేవంత ఒంగి ఆయన పాదాలు ముట్టుకోబోయింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు. "వద్దు బాయీ, వద్దు" అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టారు. వినయం అనుకున్నారు అందరూ.

సభ ముగిసింది. జనం ఆమె చుట్టూ మూగి ఫోటోలు తీసుకుంటున్నారు. పాట్‌కర్ పక్క తలుపులోంచి వీధిలోకి వచ్చి, ఎండలో గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

ఆ రోజు స్టేషన్ మాస్టర్ గదిలో ఆ ఫోన్ ఎత్తింది ఆయనే, పొద్దున తొమ్మిదింటికి, ఇంకా మొదటి టేకు కూడా తీయకముందు.