రమణ కసరత్తు

దబ్బుమని చప్పుడు వినిపించేసరికి ఆదిలక్ష్మి వంటింట్లోంచి పరుగున వచ్చింది. హాల్లో కొడుకు వెంకటరమణ బోర్లా పడి ఉన్నాడు. గోడకు ఆనించిన సెల్‌ఫోనులో ఎవరో అమ్మాయి నవ్వుతూ, "మొదట్లో ఎవరికైనా ఇంతే, మళ్లీ లేవండి" అంటోంది.

"అయ్యో నాయనా! ఏమైందిరా?"

"ఏం కాలేదు మా. చేతుల మీద పైకి లేస్తాంటే పట్టు తప్పింది."

"నలభై దాటినాక ఇదేం పనిరా? అంగడికి పోయే టయానికి ఈడ నేల మీద ఈత కొడతాండావు!"

ఆదిలక్ష్మి బైరెడ్డిపల్లె నుంచి మదనపల్లెకు వచ్చి వారమే అయింది. కోడలు స్వర్ణలతకు కామెర్లు, ఇంట్లో వంట చేసేవాళ్లు లేరని కొడుకే వచ్చి పిలుచుకొచ్చాడు. వచ్చి చూస్తే కోడలు సోఫాలోంచి లేవదు. ఎరువుల అంగడి నడుపుకునే కొడుకేమో పొద్దున లేస్తూనే కుర్చీలో కూర్చుని లేవడం, గోడను తోయడం, నీళ్లు నింపిన బాటిళ్లు ఎత్తి దించడం. అన్నం తగ్గించేశాడు. కాఫీలో చక్కెర లేదు. మొన్న పుంగనూరులో దాయాదుల ఇంట పెండ్లికి పోయి కూడా మజ్జిగ తాగి వచ్చేశాడు.

"చాలండీ, ఈ పొద్దుకు నిలపండి" అంది స్వర్ణలత సోఫాలోంచి నీరసంగా.

"ఇంగొక్కసారి" అన్నాడు వెంకటరమణ, చెమట తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే పక్కింటి రంగనాయకమ్మ పిట్టగోడ మీదికి వంగింది.

"ఏమక్కా, మీ వాడు నాజూగ్గా తయారవతాండాడే! ఆయమ్మ చూస్తే లేవలేక ఉండాది. ఈయప్ప చూస్తే కొత్త పెండ్లికొడుకు మాదిరి సోకులు. కొంచెం కనిపెట్టుకో."

ఆదిలక్ష్మికి ఇంక ఏ పని మీదా మనసు నిలవలేదు. సాయంత్రం కొడుకు ఇంట్లోకి అడుగు పెట్టగానే చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"నిజం చెప్పు రమణా. ఎవురి కోసం ఇదంతా? పెండ్లాం వద్దు వద్దంటాంటే నువ్వు వినవు. యాడన్నా ఎవురన్నా ఉండారా?"

వెంకటరమణ తెల్లబోయాడు. తర్వాత పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"బెంగళూరులో స్కానింగ్ తీసినారు మా. నా లివరు నిండా కొవ్వు ఉండాదంట. మందులతో పోయేది కాదు. తిండి తగ్గించి, కసరత్తు చేసి కరిగించుకోవల్ల అన్నారు."

లివరు అనే మాట చెవిన పడగానే ఆదిలక్ష్మికి మొగుడు గుర్తొచ్చాడు. ఆయన పోయింది దాంతోనే. సారాయికి లివరు చెడి, పొట్ట కుండలా ఉబ్బి, ఆమె కళ్ల ముందరే పోయాడు. కొడుకు ఆ జోలికే పోడు. తాగనివాడికి కూడా వస్తుందా ఇది?

మరునాటి నుంచి ఆమె ఊరికే ఉండలేదు. పొద్దున్నే కొడుకు ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఫోనులో అమ్మాయి వీపు నిటారుగా ఉంచమంటే, ఈమె "ఒరే, వీపు!" అని అరిచేది. చిన్న సంగటి ముద్ద, ఆకుకూర వేసిన పప్పాకు, ఉడికించిన ఉలవలు వండిపెట్టేది. బాటిళ్లు తేలికైపోయాయని కొడుకు అంటే, ఊరి నుంచి తెచ్చుకున్న శెనక్కాయల సంచి తీసిచ్చింది. దాన్ని ఎదకు హత్తుకుని వంగి లేస్తుంటే వెంకటరమణ తొడలు గడగడా అదిరేవి.

కోడలి మీద మాత్రం ఆమెకు కోపం పెరుగుతూ వచ్చింది. మొగుడికి ఇంత ఆపద వస్తే ధైర్యం చెప్పాల్సింది పోయి, "వదిలేయండి, మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను" అని ఏడుపు!

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "వాడు బాగుపడతాంటే యాల అడ్డం పడతాండావు తల్లీ?"

స్వర్ణలత తల దించుకుంది. "నా మాట యాడ వింటాడత్తా మీ కొడుకు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మామిడికాయల కాలం పోయి వానలు పడ్డాయి. వెంకటరమణ ప్యాంట్లన్నీ వదులైపోయాయి. చేతుల మీద ఇట్టే లేస్తున్నాడు. స్వర్ణలత కామెర్లు మాత్రం తగ్గలేదు. మళ్లీ స్కానింగ్ రోజు వచ్చింది. కోడలిని కూడా చూపిద్దామని ముగ్గురూ కారులో బెంగళూరు పోయారు.

స్వర్ణలతను రక్తపరీక్షకు తీసుకుపోయారు. తల్లీకొడుకులు డాక్టరు ఎదురుగా కూర్చున్నారు.

డాక్టరు తెలుగాయనే. కంప్యూటరు వైపు చూసి, వెంకటరమణ వైపు తిరిగి నవ్వాడు.

"శభాష్ రమణగారూ! కొవ్వంతా కరిగిపోయింది. మీ లివరు ఇప్పుడు బంగారం!"

ఆదిలక్ష్మి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. కళ్ల వెంట నీళ్లు జలజలా కారాయి. "మీరు సల్లగా ఉండల్ల సామీ. వాళ్ల నాయన మాదిరి వీడు కూడా యాడ పోతాడో అని నా పానం పానంలో లేదు. ఇంగ నా బిడ్డకు భయం లేదు కదా?"

"లేదమ్మా. రాయిలా ఉన్నాడు మీ అబ్బాయి."

ఇన్ని నెలలూ గుండెల మీద మోసిన బరువు ఒక్కసారిగా దిగిపోయింది ఆమెకు. కొడుకు వైపు తిరిగింది. వాడూ చిన్నపిల్లోడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"యాల ఏడస్తావురా పిచ్చోడా? గండం గడిచింది కదా!" అని కొంగుతో వాడి ముఖం తుడిచింది.

"నీకొక మాట చెప్పలేదు మా. భయపడతావని..." వెంకటరమణ మిగతాది మీరే చెప్పండన్నట్టు డాక్టరు వైపు చూశాడు.

డాక్టరు లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"బుధవారం ఆ లివరులో సగం తీసి పెడితే, మీ కోడలు కూడా బతుకుతుందమ్మా."